కణితి పోతు, నాటు తుపాకి: పల్నాటి అడవి అంచున ఒక వేట చరిత్ర

మాచర్ల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతాల మీదుగా నల్లమల కొండలు పల్నాటి మైదానంలోకి దిగే చోట, అడవి ఎక్కడ ముగిసి చేను ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పడం ఏ కాలంలోనూ తేలిక కాలేదు. నాపరాతి నేల మీద చిగర, బిళ్లు, తునికి, మోదుగ చెట్లతో పలచగా మొదలైన పొదల అడవి పడమరకు పోయేకొద్దీ నల్లమద్ది, చిరుమాను, నారేపి చెట్లతో చిక్కబడుతుంది. పగలంతా ఆ చీకటి లోయల్లో పడుకొని, పొద్దువాలాక మేతకూ నీటికీ వాలుల వెంట కిందికి దిగే మేతజంతువుల్లో పేరున్నది కణితి. కడితి అనీ కణుజు అనీ కూడా పిలిచే ఈ జింకజాతి మృగంలో ఎదిగిన పోతు భుజం దగ్గర నాలుగున్నర అడుగుల ఎత్తుండి, 200 నుంచి 300 కిలోల దాకా తూగుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు వేటగాళ్లు దక్షిణ భారతంలోనూ సింహళంలోనూ దీన్నే ఎల్క్ అని పిలిచారు గాని, ఐరోపా అమెరికాల్లో ఆ పేరుతో చలామణి అయ్యే జంతువులతో దీనికి పోలిక ఆకారం పెద్దదనం వరకే. మందునూ గుండునూ గొట్టం నోటి నుంచి దట్టించి పేల్చే నాటు తుపాకితో, అదీ ఎదకాలంలో, ఈ పోతును కొట్టడమనే పని ఎలాంటి లెక్కల మీద నడిచిందో, ఏ చట్టం దాన్ని ఎక్కడ పట్టుకుందో చూసినప్పుడు, ఈ వేటకు రూపమిచ్చింది ఆయుధం బలం కన్నా దాని బలహీనతే అని తేలుతుంది.

కణితి పోతు ఏడాది దాని కొమ్ములతోనే నడుస్తుంది. ఆవుకూ మేకకూ ఒకసారి మొలిచిన కొమ్ము బతికినంతకాలం ఉంటుంది. కణితి, దుప్పి వంటివాటి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కణితి పోతుకు అవి ఎక్కువగా చైత్ర వైశాఖాల్లో రాలతాయి, వానకాలమంతా నెత్తురునాళాలు నిండిన నూగుచర్మం కింద కొత్త కొమ్ము పెరుగుతుంది, శరదృతువు ముగిసేనాటికి ఆ చర్మం ఎండి పీలికలవుతుండగా పోతు దాన్ని చెట్ల మానులకు రాసి వదిలించుకుంటుంది. కొమ్ము గట్టిపడిన వెంటనే ఎదకాలం మొదలై నవంబరు, డిసెంబరు నెలల్లో, అంటే కార్తీకం నుంచి పుష్యం దాకా, ముమ్మరంగా ఉంటుంది. సుమారు ఎనిమిది నెలల చూలు తరవాత, వానలకు పచ్చిక లేచిన రోజుల్లో ఆడ కణితి ఈనుతుంది. ఎదలో ఉన్న పోతు మెడ ఉబ్బుతుంది, గొంతు కింద వెంట్రుకలు ఊడి పచ్చిపుండు వంటి మచ్చ తేలుతుంది, అది బురదగుంటల్లో పొర్లి తన మూత్రపు వాసనను ఒంటికి పట్టించుకుంటుంది, వెనకకాళ్ల మీద నిలబడి తలపైని కొమ్మలను కొమ్ములతో చితకబాది కంటి ముందరి గ్రంథుల నుంచి కారే జిగురును వాటికి పూస్తుంది. తన నేల ఇదని మిగతా పోతులకు తెలియజేసే ఈ గుర్తులన్నీ వేటగాడికి కూడా తెలిసేవే కావడం దాని దురదృష్టం.

అమెరికా పడమటి రాష్ట్రాల ఎల్క్ ఎదకాలంలో ఈలవేసినట్టు సాగదీసి అరుస్తుంది, ఆ అరుపును అనుకరిస్తే ఎదురు అరుస్తూ దగ్గరికి వస్తుంది. కొలరాడో వంటి రాష్ట్రాల్లో నోటి నుంచి దట్టించే తుపాకులకు మాత్రమే సెప్టెంబరులో ప్రత్యేకంగా కొన్నిరోజులు కేటాయించడం వెనక ఉన్న ఆకర్షణ అదే. కణితి అంత నోరున్నది కాదు. బెదిరినప్పుడు అది కంచు మోగినట్టు ఒక్క కేక పెడుతుంది, ఆ కేకతో అడవి అంతా మేలుకుంటుంది, వేటగాడికి ఆ రాత్రి ఇక పని ఉండదు. అందువల్ల ఇక్కడి వేట పిలిచి రప్పించే వేటగా కాక, జాడలు చదివి ముందే వెళ్లి కూర్చునే వేటగా ఎదిగింది.

ఎదకాలపు పౌరుషాన్ని మగ మృగానికే ఉరిగా మార్చే ఉపాయం తుపాకికి చాలా ముందే దక్కనులో ఉంది. మచ్చిక చేసిన మృగాన్ని ఎరగా చూపి అడవి మృగాన్ని రప్పించే పద్ధతిని తెలుగులో దీమం పెట్టడం అంటారు. మచ్చిక కృష్ణజింక కొమ్ములకు ఉచ్చుతాడు చుట్టి మందలోకి వదిలితే, తన చోటులోకి కొత్త మగది వచ్చిందని పోట్లాటకు దిగిన అడవి జింక కొమ్ములు ఆ ఉచ్చులో చిక్కుకొనేవి. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి పేర వెలసిన మానసోల్లాసం మృగయావినోదాల్లో ఎర మృగాలతో సాగే వేటకు చోటిచ్చింది. తెలుగు కావ్యాల్లోనూ వేటకు కొదవలేదు: పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి వేట ఉంది. పల్నాటి వీరగాథల్లో నాయకురాలు నాగమ్మ రాజకీయాల్లోకి వచ్చిందే వేటకు వచ్చి అలసిన రాజుకు ఆతిథ్యమిచ్చి అని ఒక కథనం చెబుతుంది. అయితే కావ్యాల వేట కుక్కలతో, వలలతో, వందలమంది బోయలతో సాగే దండయాత్ర. అక్కడ ఒంటరి మనిషి ఓపికకు పాత్ర తక్కువ. దీమం సైతం ఆరుబయట పగటిపూట మందలుగా తిరిగే కృష్ణజింకకే పనికివస్తుంది, రాత్రుళ్లు చెట్ల నీడల్లో తిరిగే కణితికి పనికిరాదు.

కణితిని దాని తావులోనే ఎరిగినవారు చెంచులు. వారి ఆయుధం విల్లు. 1940లో కృష్ణకు ఆవలి ఒడ్డున, నిజాం రాజ్యంలోని అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి అధ్యయనం చేసిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథంలో వారి వేటదేవత గారెలమైసమ్మను గురించి రాశాడు. మృగం దొరికితే ఆమెకు కొంత మాంసం కాల్చి పెట్టాకే మిగిలినవారు తినాలి. అదే గ్రంథం వారి జీవనంలో వేట కన్నా దుంపలు తవ్వి, పళ్లు ఏరి తెచ్చుకోవడానిదే పెద్ద పాలు అని కూడా చూపింది. విల్లుతో కణితిని కొట్టాలంటే ఇరవై ముప్పై అడుగుల దగ్గరికి చేరాలి. ఆ దగ్గరికి చేరే విద్యనే తరవాత నాటు తుపాకి పట్టినవాడు కూడా నేర్చుకోవలసి వచ్చింది.

తుపాకి ఈ ప్రాంతానికి యుద్ధాల వెంట వచ్చింది. కృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని, దానితోపాటు వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ దుర్గాలను గజపతుల నుంచి గెలిచాడు. 1520 నాటి రాయచూరు యుద్ధంలో ఆయన పక్షాన పోర్చుగీసు తుపాకిదారులు పాల్గొన్నారు. ఆ శతాబ్దం ముగియకముందే కొండవీటిసీమ గోల్కొండ ఏలుబడిలోకి పోయింది, ఆపైన పాలకులు మారుతూ వచ్చి 1788లో గుంటూరు, 1801లో పల్నాడు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చేనాటికి, తుపాకి సైన్యానికే చెందిన వస్తువు కాకుండా పోయింది. మొదటి తరానిది జామగి తుపాకి: సురేకారంలో నానబెట్టిన నూలు ఒత్తిని జామగి అంటారు, నిప్పంటించి ఉంచిన ఆ ఒత్తి మీట నొక్కగానే వంగి మందుపళ్లెంలోని పొడిని ముట్టిస్తుంది. దాని తరవాత చెకుముకిరాతి నిప్పురవ్వతో పేలేది వచ్చింది. స్కాట్లండు పాదిరి అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పేటెంటు తీసుకున్న పేలుడు రసాయనపు పద్ధతి మీద ఆధారపడి, సుత్తి దెబ్బకు పేలే చిన్న రాగిటోపీ పంతొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి వ్యాపించింది. నాటు తుపాకి అని పల్లెల్లో పేరుపడ్డది ప్రధానంగా ఈ టోపీ తుపాకే.

మందు మాత్రం పల్లెల్లోనే తయారు కాగలిగేది. పాత ఊళ్ల దిబ్బల్లోని పాటిమన్నును నీటిలో కలిపి, ఆ నీటిని వడగట్టి, కాచి చల్లార్చితే పెట్లుప్పు, అంటే సురేకారం, పలుకులు కడుతుంది. ఉప్పు వండే ఉప్పరల వృత్తిలో ఇదీ ఒక భాగం. బొగ్గుకు జిల్లేడు కట్టె, కంది కట్టె మంచివని పేరు, ఎందుకంటే వాటి బొగ్గు తేలికగా, బూడిద తక్కువగా ఉంటుంది. గంధకం ఒక్కటే బజారు నుంచి రావాలి. ఇలా చేసిన మందుకు ఉన్న పెద్ద లోపం చెమ్మ పీల్చుకోవడం; కణితి ఎదకాలం మంచు కురిసే రోజుల్లో రావడంతో ఈ లోపం వేటగాడి మొదటి సమస్య అయింది.

ఈ తుపాకితో ఎదకాలపు పోతును కొట్టడానికి వేసుకోవలసిన లెక్క చిన్నది కాదు. గొట్టం లోపల నున్నగా ఉండే తుపాకి గుండును తిప్పి పంపదు, అందువల్ల అది కొద్ది దూరానికే గాడి తప్పుతుంది. యాభై గజాలు దాటితే గురి నమ్మదగింది కాదు, రాత్రివేళ అందులో సగం దూరమే లెక్క. గుండు కొలతను బోరుతో చెబుతారు: గొట్టంలో సరిపోయే సీసపు గుండ్లు ఒక పౌనుకు ఎన్ని తూగితే అన్ని బోరు, కాబట్టి పన్నెండు బోరు గుండు సుమారు 38 గ్రాములు. కుందేళ్లకూ పిట్టలకూ వాడే రవ్వలు కణితి మందపు తోలుకూ, బురద ఎండి గట్టిపడిన మెడకూ చాలవు. ఒకే గుండు, ముందరికాలి వెనక పక్కటెముకల మధ్య పడాలి. మొదటి దెబ్బ తప్పితే మందు పోసి, పీచు కుక్కి, గుండు జార్చి, మళ్లీ పీచు కుక్కి, కడ్డీతో దట్టించి, టోపీ తొడిగేలోగా అర నిమిషానికి పైగా పడుతుంది, పైగా తెల్లని పొగ ఎదుటిదంతా కప్పేస్తుంది. నిజానికి రెండో దెబ్బ లేదు.

కాబట్టి పని వారాల ముందే మొదలు కావాలి. బెరడు ఊడిన చెట్టును చూసి పోతు ఆ చుట్టుపక్కల ఉందని గ్రహించవచ్చు. బెరడు రాపిడి ఎంత ఎత్తున ఉందో దాన్నిబట్టి పోతు పరిమాణం, చెక్క తడిగా ఉందా ఎండిందా అన్నదాన్నిబట్టి అది వచ్చి ఎన్నాళ్లయిందో తెలుస్తాయి. పొర్లుగుంట అంతకన్నా గట్టి సాక్ష్యం, ఎందుకంటే పోతు అక్కడికి తిరిగి వస్తుంది. గుంట నుంచి బయలుదేరిన దారి పక్కన ఆకుల మీద బురద ఆరకుండా ఉందంటే అది గత రాత్రి సంగతే. ఉప్పదనం ఉన్న చవుటినేలను నాకడానికి ఆడవి వచ్చే దారులు, వాటి వెనక పోతు వచ్చే దారులు కలిసే చోటు దొరికితే సగం వేట అయినట్టే. మిగిలింది గాలి. కణితి చూపు కన్నా ముక్కు, చెవి పదునైనవి. పొద్దుగూకాక కొండ చల్లబడి గాలి లోయలోకి జారుతుంది, పొద్దెక్కాక కింది నుంచి పైకి ఎగబాకుతుంది, కాబట్టి సాయంత్రం వేచి ఉండే చోటు దారికి దిగువనా, ఉదయం వేచి ఉండే చోటు ఎగువనా ఉండాలి. జామగి కాలంలో ఈ లెక్క ఇంకా కఠినం, మండే ఒత్తి వాసనా దాని ఎర్రని చుక్కా రెండూ మృగానికి అందుతాయి. టోపీ వచ్చాక ఆ బాధ తప్పింది గాని, తుపాకి నోటికి గుడ్డ బిగించడం, సుత్తి కింద తోలుముక్క పెట్టడం, మందుకాయను ఒంటి వెచ్చదనానికి దగ్గరగా కట్టుకోవడం తప్పలేదు. వెన్నెల రాత్రిలో గొట్టం కొస కనిపించడానికి సున్నపు బొట్టు పెట్టుకోవడం దక్కను షికారీలకు అలవాటే.

దెబ్బ తగిలిన పోతు అక్కడే కూలడం అరుదు. పెద్ద గుండు తగిలినా అది వందల గజాలు పరుగెత్తి పొదల్లో పడుతుంది, వెంటనే వెంబడిస్తే ఇంకా దూరం పోతుంది. నెత్తురు రంగు చూసి, నురుగు ఉంటే ఊపిరితిత్తులకు తగిలిందని, ముదురుగా ఉంటే కడుపులో తగిలిందని ఎంచి, ఒక గడియో తెల్లవారేదాకానో ఆగడమా వెంటనే పోవడమా అన్నది తేల్చుకోవాలి. ఈ దశలో తుపాకి గలవాడి కన్నా జాడ పట్టగలవాడికే విలువ ఎక్కువ, చెంచులు సర్కారు దొరల వేటల్లోనూ రైతుల వేటల్లోనూ భాగస్తులైంది ఈ నేర్పు వల్లనే.

ఇంతకూ ఎదకాలంలోనే ఎందుకు వేటాడాలి అన్న ప్రశ్నకు పల్లెవాడి జవాబూ దొర జవాబూ ఒకటి కావు. మాంసం కోసమైతే ఎదలో ఉన్న పోతు చెడ్డ ఎంపిక: తిండి మాని కొవ్వు కరిగి ఉంటుంది, మాంసం గట్టిగా, కవురుగా ఉంటుంది. మాంసం కోరేవాడికి మంచి అదను వేసవి, నల్లమలలో కుంటలు ఇంకి చెలమలు నాలుగైదే మిగిలినప్పుడు ఏ మృగమైనా అక్కడికి రాకతప్పదు. అప్పటికి పోతుకు కొమ్ములుండవు, ఉన్నా లేకున్నా అతనికి ఒకటే. దొరకు కావలసింది గోడకు తగిలించే కొమ్ములు, అవి గట్టిగా ఉండేది శీతకాలంలో, పోతు ఏమరుపాటుగా తిరిగేది అప్పుడే. అయితే పల్నాటి రైతుకు మూడో కారణం ఉంది. శ్రీనాథుడి పేర వ్యాపించిన చాటువులు వెక్కిరించిన ఆ జొన్న, పల్నాటి నల్లరేగడిలో వానలు వెనకపట్టాక విత్తితే పుష్యమాఘాల్లో కోతకు వస్తుంది. అంటే కణితి ఎదకాలమూ జొన్న కంకి పాలుపోసుకునే కాలమూ ఒకటే. ఆడ మంద చేలోకి దిగుతుంది, పోతు వాటి వెంట దిగుతుంది, మంచె మీద తుపాకితో కూర్చున్నవాడికి అడవిలోకి పోవలసిన పనే లేదు. పంట కాపలా అన్న పేరు కింద జరిగిన ఈ వేట పల్నాటి అడవి అంచున అన్నిటికన్నా సహజమైనది, చట్టం కూడా చాలాకాలం దీనికి తలుపు తెరిచే ఉంచింది.

చట్టం మొదట చూసింది తుపాకిని. 1857 తిరుగుబాటు తరవాత 1860లో ఒక ఆయుధ చట్టం, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం 1878లో దానికన్నా బిగువైన మరొకటి చేసి, లైసెన్సు లేని తుపాకిని నేరంగా మార్చాయి. కొడగు ప్రజలకు దొరికిన మినహాయింపు వంటిది పల్నాటి రైతుకూ చెంచుకూ దొరకలేదు. తరవాత చట్టం నేలను చూసింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో నియమాలకు విరుద్ధంగా వేటాడటం, ఉచ్చులు పన్నడం, నీటిలో విషం కలపడం నిషేధించింది, మేతకు కట్టవలసిన పుల్లరి అదే అటవీ పాలన నుంచి వచ్చింది, దాని మీద తిరగబడిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణం విడిచాడు. పల్నాటి అటవీ సత్యాగ్రహ చరిత్రను రాసినవారు పశువుల మేతనూ కట్టెపుల్లలనూ గురించి విస్తారంగా రాశారు. అడవి మూతపడ్డ ఆ గ్రామాల్లో వేట కూడా మూతపడిందన్న సంగతికి దక్కవలసిన చోటు దక్కలేదు.

జంతువు వంతు చివర వచ్చింది. 1912 నాటి అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం జింకజాతులను జాబితాలో చేర్చి, వాటిని చంపకూడని గడువుకాలాన్ని ప్రకటించే అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది, కాని ఆస్తిని నిజంగా కాపాడుకోవడానికి చంపితే ఆ చట్టం వర్తించదని కూడా అందులోనే ఉంది. జొన్నచేను ఆస్తే. స్వతంత్రం వచ్చాక 1959 ఆయుధ చట్టం ఈ సంబంధాన్ని ఇంకా స్పష్టం చేసింది: నిజమైన పంటరక్షణకు నోటి నుంచి దట్టించే తుపాకి అడిగినవాడికి లైసెన్సు ఇవ్వాలి, అది పంటరక్షణకు చాలదని అధికారి ఒప్పుకుంటేనే వేరే రకం తుపాకి. పాతబడ్డ ఆయుధాన్ని పేరుపెట్టి మరీ రైతుకు కేటాయించిన ఈ నిబంధనలో దయ ఎంత ఉందో, ఆధునిక తుపాకి పల్లెలకు చేరకూడదన్న జాగ్రత్త అంతే ఉంది.

ఈ లోగా నేల తానే మారింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. కృష్ణ లోయలోని అడవి కొంత జలాశయం కింద మునిగింది, కుడికాలువ కింద జొన్న పోయి వరి, పత్తి, మిరప వచ్చాయి. మిరపచేను కణితికి పనికిరాదు. మంచె మీద కాపలా కాసే రాత్రులు తగ్గాయి, మిగిలిన గొడవ అడవిపందులతో.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం తొలి పాఠంలో కణితిని పూర్తిగా నిషేధించలేదు. పెద్ద మృగాల జాబితాలో ఉంచి లైసెన్సు వేటకు అనుమతించింది. కాని ఆ లైసెన్సు షరతులు చదివితే నాటు తుపాకి వేట ఎక్కడ ఆగిపోయిందో అర్థమవుతుంది: పెద్ద మృగాలను రైఫిలుతోనే కొట్టాలి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప వేరే ఆయుధం కూడదు, పొద్దుగూకాక వేట లేదు, ఉప్పునేల దగ్గర, నీటి దగ్గర, వాటికి పోయే దారుల్లో వేట లేదు. దొరల వేటశాస్త్రం ధర్మవేటగా ఎంచినదే ఇక్కడ చట్టమైంది. యాభై గజాల తుపాకి పట్టినవాడి విద్య అంతా ఆ చవుటినేల మీదా, ఆ చెలమ దారి మీదా, ఆ మునిమాపు మీదా ఆధారపడి ఉంది. రెండువందల గజాల నుంచి పట్టపగలు కొట్టగల రైఫిలుకు ఇవేవీ అక్కరలేదు. కణితి సంఖ్యను కాపాడటానికి ఈ షరతులు అవసరమే అయినా, వాటి భారం రెండు రకాల వేటగాళ్ల మీద సమానంగా పడలేదు. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడి 1983లో పులుల రక్షణ పథకంలో చేరడంతో నల్లమలలో లైసెన్సు వేటకు సందు లేకుండా పోయింది, 1991 సవరణ దేశమంతటా వేట లైసెన్సులనే ఎత్తివేసింది. కణితిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2008 నుంచి ముప్పుకు లోనుకాగల జాతిగా లెక్కిస్తోంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు ఓడల మీద తీసుకుపోయి వదిలిన కణితులు అక్కడి కొండ అడవుల్లో విపరీతంగా పెరిగాయి, వాటిని మాటువేసి కొట్టడానికి ఆ రాష్ట్రంలో ఏడాది పొడుగునా అనుమతి ఉంది. ఇక్కడ 1959 చట్టంలోని పంటరక్షణ నిబంధన రద్దు కాలేదు: ఈనాటికీ పల్నాటి రైతు నోటి నుంచి దట్టించే తుపాకికి చట్టప్రకారం దరఖాస్తు పెట్టుకోవచ్చు, దాన్ని చేలోకి దిగిన కణితి మీద పేలిస్తే మాత్రం జైలుకు పోతాడు.